తాపం ప్రసాదమైన చోటు: యమునోత్రి సూర్యకుండం

హిమగిరులలో చార్‌ధామ్ యాత్ర యమునోత్రితో ఆరంభమవుతుంది. పడమటి నుండి తూర్పుకు, ప్రదక్షిణ క్రమంలో యమునోత్రి, గంగోత్రి, కేదారనాథ్, బదరీనాథ్ క్షేత్రాలను సేవించడం సంప్రదాయం. ఆ నాలుగింటిలో మొదటిదైన యమునోత్రిలో మంచు కరిగి పారే నది పక్కనే అన్నం ఉడికేటంత వేడినీటి ఊట ఉన్నది. దానికి సూర్యకుండమని పేరు. పక్కన పారే యమున సూర్యపుత్రిక. తండ్రి ఉష్ణోదకంగా, కుమార్తె శీతోదకంగా ఒకే కొండ ఒడిలో దర్శనమిచ్చే అపురూప క్షేత్రమిది.

ఏటా అక్షయ తృతీయ సమీపిస్తున్నదనగానే తెలుగునాట ఎన్నో ఇళ్లలో ఈ యాత్ర ప్రస్తావన వస్తుంది. దానితోపాటే ఒక సందేహమూ వస్తుంది. "మోకాళ్లు సహకరించడం లేదు, గుండెకు మందులు వాడుతున్నాను. యమునోత్రి చూడకపోతే జన్మకు లోటేనా? బయలుదేరి సగం దారిలో ఆగిపోతే దోషమా?" అని వయసు మళ్లిన భక్తులు అర్చకులమైన మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. దీనికి తప్పు సమాధానం చెబితే ప్రాణం మీదికి వస్తుంది. సరైన సమాధానం ఆ క్షేత్ర సంప్రదాయంలోనే ఉన్నది. సూర్యకుండం కథను, అక్కడి ఆచారాలను శ్రద్ధగా పరిశీలిస్తే మీకే బోధపడుతుంది.

క్షేత్ర స్వరూపం

యమునోత్రి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని ఉత్తరకాశి జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 3,290 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి పైన 6,316 మీటర్ల బందర్‌పూంఛ్ శిఖరం మంచు కిరీటంతో నిలిచి ఉంటుంది. యమున అసలు జన్మస్థానం ఆలయానికి ఇంకా ఎగువన, సామాన్య యాత్రికులకు అందని ఎత్తున, కళింద పర్వతం మీది మంచులో ఉన్నది. కళిందగిరి నుండి పుట్టినది కనుక ఆమె కాళింది. పోతన భాగవతంలో కాళియ మర్దన ఘట్టం చదివిన తెలుగువారికి ఈ పేరు సుపరిచితమే.

మోటారు మార్గం జానకీచట్టి వరకే ఉన్నది. అక్కడి నుండి ఐదారు కిలోమీటర్ల కాలిబాట. దూరం స్వల్పంగా తోచినా ఆ కొద్ది నడకలోనే దాదాపు 600 మీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. ఒకవైపు కొండ, మరొకవైపు లోతున నది, మధ్య మధ్య నిట్టనిలువు మెట్లు. నడవలేని వారి కోసం గుర్రాలు, నలుగురు మోసే డండీలు, ఒకరే వీపున మోసే కండీ బుట్టలు ఉంటాయి. సముద్రతీరపు జిల్లాల నుండి వెళ్లే మనకు ఆ పలుచని గాలిలో నాలుగడుగులకే ఆయాసం రావడం సహజం.

ఆలయంలో యమునాదేవి నల్లరాతి మూర్తిగా కొలువై ఉన్నది. ఆలయాన్ని ఆనుకొని దివ్యశిల, ఆ సమీపంలోనే సూర్యకుండం ఉన్నాయి. కుండం చిన్నదే. నీటి ఉష్ణోగ్రత మాత్రం సుమారు 88 డిగ్రీల సెల్సియస్. మన ఊళ్లలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. యమునోత్రి ఎత్తున 89 డిగ్రీలకే మరుగుతుంది. అంటే సూర్యకుండంలోని నీరు ఇంచుమించు మరుగుతున్న ఎసరుతో సమానమన్నమాట.

కొండ కడుపులో వేడి

మంచుకొండలో ఇంత వేడి ఎక్కడిదని పిల్లలు అడిగితే చెప్పవలసిన సమాధానం ఇది. అక్కడ అగ్నిపర్వతమేదీ లేదు. కొండల మీద కురిసిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్ల గుండా భూమిలోకి బహుదూరం ఇంకుతాయి. లోతుకు పోయిన కొద్దీ భూమి వేడి పెరుగుతుంది. ఆ వేడిని గ్రహించిన నీరు మరొక పగులు దొరికిన చోట పైకి ఎగదన్నుతుంది. హిమాలయాలలో పెనురాతి పొరలు ఒకదాని మీదికి మరొకటి జరిగిన పొడవైన పగులు మండలం ఒకటి ఉన్నది. ఆ వరుసలోనే యమునోత్రి, గౌరీకుండ్, బదరీనాథ్ తప్తకుండం వంటి ఉష్ణ తీర్థాలు వెలిశాయి. కనుక కుండంలో పొగలు కక్కే నీరూ, పక్కన గడ్డకట్టించే చలితో పారే నీరూ ఆ కొండ మంచు నుండి, వాన నుండి వచ్చినవే. ఒకటి పైననే పారింది, మరొకటి లోతుకు వెళ్లి కాగి వచ్చింది.

ఉష్ణ తీర్థాలు మనకు కొత్తవి కావు. భద్రాచలం సమీపంలోని గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరడం ఆ ప్రాంతీయులు ఎరిగినదే. ప్రకృతి ఇచ్చిన ఇటువంటి ఊటలు శాశ్వతమనుకోవడానికీ వీలు లేదు. కేదార మార్గంలో తరతరాలుగా యాత్రికులు స్నానమాడిన గౌరీకుండ్ ఉష్ణకుండం 2013 జూన్ వరదలలో ధ్వంసమైంది. ఉన్నంతకాలం వాటిని భద్రంగా చూసుకోవడం మన వంతు.

సానపట్టిన సూర్యుడు

ఇక పురాణగాథకు వద్దాం. విశ్వకర్మ కుమార్తె సంజ్ఞాదేవి సూర్యుని భార్య. వారికి వైవస్వత మనువు, యముడు, యమున సంతానం. భర్త తేజస్సును భరించలేక సంజ్ఞ తన నీడకు రూపమిచ్చి, ఆ ఛాయాదేవిని తన స్థానంలో నిలిపి వెళ్లిపోయింది. ఆ ఛాయకు పుట్టినవాడు శనైశ్చరుడు. కాలం గడిచాక సూర్యునికి నిజం తెలిసింది. ఆయన సంజ్ఞపై ఆగ్రహించలేదు. మామగారైన విశ్వకర్మ వద్దకు వెళ్లి తన తేజస్సునే తగ్గించమన్నాడు. విశ్వకర్మ ఆయనను సానపట్టాడు. అప్పుడు రాలిన తేజస్సుతోనే విష్ణుచక్రం, శివుని త్రిశూలం మొదలైన ఆయుధాలు తయారైనట్లు పురాణాలు చెబుతున్నాయి.

లోకాలకు వెలుగునిచ్చే ప్రత్యక్ష దైవమే తన వేడిని భార్య భరించగల మేరకు తగ్గించుకున్నాడు. తగ్గించుకున్నందుకు ఆయన మహిమ కొరవడలేదు. పైగా రాలిన భాగం కూడా లోకరక్షణకు ఉపయోగపడింది. కుమార్తె యమున చలికొండల మీద అవతరించినప్పుడు తండ్రి తన కిరణాన్ని ఆమె చెంత నిలిపాడని, అదే సూర్యకుండమైనదని స్థలపురాణం. అక్కడ సూర్యుడు ఒక చిన్న కుండానికి పరిమితమైన వేడిగా ఉన్నాడు. పరిమితమైనందువల్లనే ఆ తాపం మనకు అన్నం ఉడికించి పెడుతున్నది.

దారం చేతిలో ఉంచుకొని

యమునోత్రిలో అర్చనకు ఒక క్రమం ఉన్నది. ముందుగా దివ్యశిలను పూజించి, అటుపిమ్మట అమ్మవారిని దర్శించాలి. స్నానం సూర్యకుండంలో చేయరు, చేయడం సాధ్యమూ కాదు. స్నానానికి వేరుగా కుండాలు ఉన్నాయి. వాటిలో నీరు ఒంటికి ఓర్చుకోగలిగినంత వేడిగా ఉంటుంది.

సూర్యకుండంలో చేసేది పాకం. పిడికెడు బియ్యమో, బంగాళాదుంపలో పలుచని గుడ్డలో మూటగట్టి, దారంతో నీటిలోకి దించుతారు. దారం కొస చేతిలోనే ఉంచుకొని కూర్చోవాలి. కొంతసేపటికి పైకి తీస్తే మూటలోని బియ్యం అన్నమై ఉంటుంది. దానిని అమ్మవారికి నివేదించి ప్రసాదంగా స్వీకరిస్తారు. ఎండబెట్టి ఇంటికి తెచ్చుకుంటారు.

ఈ ఆచారంలోని అంతరార్థాన్ని గ్రహించండి. బియ్యం పచ్చిగా ఉన్నంతకాలం నివేదనకు పనికిరాదు. ఉడకడానికి వేడి కావాలి. అయితే వేడిలోకి మనం దూకనక్కరలేదు. మూటను దించి, దారం పట్టుకొని, ఓర్పుతో కూర్చుంటే చాలు. తపస్సు అనే మాటకు తపించడమని అర్థం. ఆ తాపంతో మనస్సు పక్వం కావాలి, శరీరం కాలిపోకూడదు. దారం జారవిడిస్తే మూట దక్కదు. తొందరపడి చేయి ముంచితే బొబ్బలెక్కుతుంది. వేడికి, మనకు నడుమ ఉండవలసిన దూరమెంతో ఆ దారం కొలిచి చూపిస్తుంది.

యముని చెల్లెలి ఇంట

యమునలో స్నానం చేసినవారికి యమభయం ఉండదని ప్రసిద్ధి. ఈ మాటను పట్టుకొనే చాలామంది వృద్ధులు శక్తికి మించి కొండ ఎక్కడానికి సిద్ధపడతారు. కనుక దీని అర్థాన్ని స్పష్టంగా తెలుసుకోవాలి.

ఋగ్వేదం పదవ మండలంలో యముడు, యమి కవల సోదర సోదరీమణులుగా కనిపిస్తారు. ఆ యమియే యమునానది అని పౌరాణికుల మాట. కార్తిక శుద్ధ విదియనాడు యముడు చెల్లెలి ఇంటికి వెళ్లి, ఆమె వండిపెట్టిన భోజనం చేసి, ఆనందించి వరమిచ్చాడు. అదే యమద్వితీయ. మన ఇళ్లలో భగినీహస్త భోజనంగా ఆచరించే పండుగ ఇదే. నరక చతుర్దశినాడు యమతర్పణం విడిచిన తెలుగువారు, ఆ తరువాత మూడోనాడు అక్కాచెల్లెళ్ల ఇంట భోజనం చేస్తారు. ఏ యముని పేరు వింటే లోకం వణుకుతుందో, ఆ యముడు కూడా చెల్లెలి వాకిట ఆకలిగొన్న అన్నగారే. ఆ బంధుత్వాన్ని గుర్తు చేసుకోవడమే భయం పోవడానికి తొలిమెట్టు.

యమభయం పోవడమంటే మృత్యువే రాదని అర్థం కాదు. పుట్టినవారికి అది తప్పదు. అకాలంలో, అజాగ్రత్త వల్ల వచ్చే అపమృత్యువు వద్దనీ, రావలసిన నాడు వచ్చేదానిని కలత లేకుండా స్వీకరించే స్థిమితం కావాలనీ మన ప్రార్థన. మృత్యుంజయ మంత్రం కోరేది కూడా పండు పండినప్పుడు తొడిమ వీడినంత సహజమైన విముక్తినే. అటువంటప్పుడు వైద్యుడు వద్దన్న ఒంటితో మొండిగా కొండెక్కి, అపమృత్యువును కొనితెచ్చుకొని, దానిని పుణ్యమనుకోవడం అమ్మవారి సంకల్పానికే విరుద్ధం. 2022 యాత్రాకాలంలో చార్‌ధామ్ మార్గాలలో 200 మందికి పైగా యాత్రికులు మరణించారు. వారిలో అధికులు గుండె, శ్వాస సంబంధమైన కారణాలతోనే కన్నుమూశారు. ఎవరి ఇంటి పెద్దలో వారు. మన ఇంటి పెద్దల విషయంలో జాగ్రత్త వహించడం మన ధర్మం.

అమ్మవారే దిగివస్తుంది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నడవలేనివారి గతి ఏమిటి? యమునోత్రి స్థలపురాణంలోనే అసితముని కథ ఉన్నది. ఆ మహర్షి అక్కడ ఆశ్రమం కట్టుకొని, నిత్యం యమునలోనూ గంగలోనూ స్నానం చేసేవాడు. వార్ధక్యం మీదపడి గంగోత్రికి వెళ్లే శక్తి ఉడిగింది. ఆయన చింతించగా గంగమ్మే యమునోత్రి కొండల నడుమ ఒక ధారగా వెలువడి ఆయనకు స్నానభాగ్యం కలిగించిందట. శక్తి ఉన్నన్నాళ్లు ముని నదిని వెతుక్కుంటూ వెళ్లాడు. శక్తి లేనినాడు నదే ఆయనను వెతుక్కుంటూ వచ్చింది.

ఇంకొక విశేషం ఉన్నది. యమునోత్రి ఆలయం అక్షయ తృతీయకు తెరుస్తారు, యమద్వితీయకు మూసివేస్తారు. ఆపైన అక్కడ మంచు కమ్ముకుంటుంది. ఆ రోజున అమ్మవారి ఉత్సవమూర్తిని డోలీలో ఉంచి, కొండ దిగువన జానకీచట్టికి ఎదురుగా ఉన్న ఖర్సాలీ గ్రామానికి తీసుకువస్తారు. యమునోత్రి అర్చకులైన ఉనియాల్ వంశీయుల గ్రామం అదే. ఆ గ్రామంలో ప్రాచీనమైన శనైశ్చరాలయం ఉన్నది. సోదరిని తోడ్కొని రావడానికి శని దేవుని డోలీ పైకి వెళుతుంది. మళ్లీ అక్షయ తృతీయకు ఆమెను సాగనంపేదీ ఆయనే. ఏలినాటి శని అనగానే మనం భయపడే ఆ దేవుడు అక్కడ తోబుట్టువును పుట్టింటికి తీసుకువచ్చే సోదరుడు. సవతి బిడ్డలన్న భేదం వారి మధ్య లేదు.

ఈ ఆచారాన్ని ఒక్కసారి మనసుకు తెచ్చుకోండి. జగన్మాతయే కాలాన్ని, కొండను గౌరవించి కిందికి దిగివస్తున్నది. అలాంటప్పుడు ఆయాసం వచ్చి సగం మెట్ల వద్ద వెనుదిరిగిన భక్తునికి దోషమెక్కడిది? అక్కడే నిలిచి, పైన కనిపించే కొండకు నమస్కరించి, దిగిరండి. సంకల్పం చెడదు. ఎక్కలేమని ముందే తెలిసినవారు చలికాలంలో ఖర్సాలీలోనే అమ్మవారిని దర్శించవచ్చు. అక్కడికి మోటారు మార్గం ఉన్నది. అది కూడా ఎత్తైన ప్రదేశమే కనుక వైద్య సలహా, వెచ్చని దుస్తులు తప్పనిసరి.

ధర్మశాస్త్రం అశక్తుల పట్ల ఎంతో దయ చూపింది. నీట మునిగే వారుణ స్నానం ఒక్కటే స్నానం కాదు. మంత్ర, భౌమ, ఆగ్నేయ, వాయవ్య, దివ్య, మానస స్నానాలను కలిపి స్నానం ఏడు విధాలని పెద్దలు చెప్పారు. మంత్రజలాన్ని ప్రోక్షించుకోవడం మంత్ర స్నానం. విభూతి ధరించడం ఆగ్నేయం. భగవంతుని స్మరించడం మానసం. తీర్థయాత్రకు వాహనం కూడదన్న గ్రంథాలే నడవలేనివారికి మినహాయింపునూ ఇచ్చాయి. కనుక డండీ ఎక్కినందుకు పెద్దలు నొచ్చుకోనక్కరలేదు. తల్లిదండ్రులు రాలేనప్పుడు దర్భలతో వారి ప్రతికృతి చేసి, వారి పేరు చెప్పి తీర్థంలో ముంచితే వారికీ ఫలంలో భాగం లభిస్తుందని స్మృతులు అనుగ్రహించాయి. కొడుకులు, కూతుళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. రాలేని తల్లిని బలవంతాన తీసుకువెళ్లడం కన్న, ఆమె పేరున ఒక మునక వేసి, సూర్యకుండం ప్రసాదం తెచ్చి ఆమె చేతిలో పెట్టడం ఉత్తమం.

యాత్రికులకు నియమాలు

వెళ్లగలిగినవారు తప్పక వెళ్లండి. ముందుగా ప్రభుత్వం నిర్దేశించిన నమోదు చేయించుకోండి. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి పొంది, మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. కింద నుండి వచ్చిన రోజే కొండ ఎక్కకండి. జానకీచట్టిలో ఒక రాత్రి విశ్రమిస్తే శరీరం ఆ గాలికి కొంత అలవాటు పడుతుంది. ఉపవాసం పేరిట ఖాళీ కడుపుతో నడక వద్దు. ఎముకలు కొరికే చలిలో ఆయాసపడుతూ ఎక్కి, వెంటనే వేడినీటిలో దిగితే కళ్లు తిరిగే ప్రమాదం ఉన్నది. కాసేపు కూర్చొని, ముందు పాదాలు తడిపి, కొద్ది నిమిషాలే స్నానం చేసి బయటికి రండి. ఛాతీలో నొప్పి, తల తిరుగుడు, మాట తడబాటు కనిపిస్తే దర్శనం మాట మరచి వెంటనే వైద్య సహాయం కోరి, కిందికి దిగండి. పిల్లలను సూర్యకుండం దరికి ఒంటరిగా పోనివ్వకండి.

సమర్పణలోనూ మితం పాటించాలి. యమునమ్మకు పెట్టిన చీరలను ప్రవాహంలో వదలడం కొందరికి అలవాటు. ఆ చీర అమ్మవారిని అలంకరించదు, రాళ్ల మధ్య చిక్కుకొని ఆమెకు కట్టె అవుతుంది. వస్త్రాన్ని ఆలయంలో అర్చకుల చేతికి ఇవ్వండి. స్నాన కుండాలలో సబ్బు, నూనె వాడకండి. ప్లాస్టిక్ సంచులను తిరిగి మీతోనే కిందికి తెచ్చుకోండి. ఆ నీరు ఢిల్లీ, మథుర, ఆగ్రాలను తాకుతూ 1,376 కిలోమీటర్లు ప్రయాణించి ప్రయాగలో గంగతో కలుస్తుంది. విషమయమైన కాళింది మడుగును శుద్ధి చేయడానికి బాలకృష్ణుడు కాళియుని పడగలు తొక్కాడు. ఆయన భక్తులమైన మనం ఆ నది పుట్టినచోటనే మలినం కలపవచ్చునా?

ఇంటనే యమున

బృహస్పతి కర్కాటక రాశిలో ప్రవేశించినప్పుడు యమునకు, ఆ తరువాత సింహరాశిలో ప్రవేశించినప్పుడు మన గోదావరికి పుష్కరాలు వస్తాయి. ఆ ఇద్దరు నదీమాతలను మనం పన్నెండేళ్లకొకసారి మాత్రమే తలచుకోవడం లేదు. మీ ఇంట ఏ పూజ చేసినా ముందు కలశారాధన చేస్తారు కదా! అందులో గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి నదులను ఆ కొద్దిపాటి నీటిలోకి ఆవాహన చేస్తారు. అంటే యమునోత్రి కొండ దిగిన అమ్మవారు ప్రతి పూజలోనూ మీ కలశంలోకి వస్తూనే ఉన్నది.

కాళ్లలో సత్తువ ఉన్నవారు ఆమె వద్దకు వెళ్లండి. లేనివారు ఆమెను ఇంటికి పిలవండి. ఉదయం స్నానం చేసి, రాగిచెంబుతో సూర్యునికి అర్ఘ్యమిచ్చి, ఆయన కుమార్తెను స్మరించండి. యమద్వితీయ నాడు అక్కాచెల్లెళ్ల ఇంట భోజనం చేసి, వారిని పసుపు కుంకుమలతో, వస్త్రంతో గౌరవించండి. అన్నగారు ఇంటికి వచ్చిన నాడు యమునమ్మ పొందిన సంతోషం మీ తోబుట్టువు ముఖంలో కనబడితే, యమునోత్రి యాత్రాఫలం మీకు అందినట్లే. సర్వే జనాః సుఖినో భవంతు.